వంజంగి జీపు కింద ఓ రబ్బరు ముక్క

వంజంగి మబ్బుల ఫొటోలు మీ ఫోన్‌లోనూ ఉండే ఉంటాయి. ఆ కొండెక్కించే జీపు కిందికి వంగి చూసినవాళ్లు మాత్రం తక్కువ. వారమంతా కోడ్ రాసి, వీకెండ్‌కి పాడేరు వైపు బయల్దేరే నాకు ఆ కిందే బోలెడు ఇంజినీరింగ్ కనిపించింది.

వైజాగ్ నుంచి చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు దాదాపు 110 కిలోమీటర్లు. ఘాట్ వరకు తారు రోడ్డే. అసలు పరీక్ష కొండ మీది మట్టిదారిలో. వానకి కోసుకుపోయిన గుంతలు, పైకి తేలిన రాళ్లు, వెనక కిక్కిరిసిన జనం. పెద్ద గుంతలో పడగానే కింద ‘ఠంగ్’మంటుంది. మన నడుం కూడా అదే మాట అంటుంది!

ఆ చప్పుడెక్కడిది?

చక్రం గుంతలో పడి లేచినప్పుడు యాక్సిల్ పైకొస్తుంది. కమాన్ కట్టలు ఆపగలిగినంత ఆపుతాయి. ఇక ఆపలేనప్పుడు యాక్సిల్ వెళ్లి ఛాసిస్‌ని కొట్టకుండా మధ్యలో ఉండేదే బంప్ స్టాపర్. అది అరిగిపోతే ఇనుముకి ఇనుమే తగులుతుంది. షాక్ అబ్జార్బర్ చితుకుతుంది, ఛాసిస్ చీలిక పడొచ్చు.

వైజాగ్ వాళ్లకి ఇది కొత్తేం కాదు. పోర్టులో ఓడ బెర్త్‌కి ఆనే చోట నల్లటి రబ్బరు ఫెండర్లు చూసే ఉంటారు. ఓడ గోడని గుద్దకుండా ఆ తాకిడిని అవే మింగుతాయి. జీపులోనూ అదే సూత్రం.

ఏది మార్చాలి?

మామూలు గట్టి రబ్బరు పొట్టిగా ఉంటుంది. చివర్లో ఒక్కసారిగా ఆపి, వెనక్కి తంతుంది. సన్నటి గాలి గదులున్న పాలీయురేథేన్ ఫోమ్ రకం కాస్త ముందే తగిలి, నొక్కేకొద్దీ గట్టిపడుతుంది. దెబ్బ విడతలవారీగా దిగుతుంది. నూనె, నైట్రోజన్ నింపిన హైడ్రాలిక్ రకం రేసు బండ్లకి. ఖరీదెక్కువ, వెల్డింగ్ పనీ ఉంటుంది. కొండ జీపుకి ఫోమ్ చాలు.

కొనేముందు కొలత ముఖ్యం. షాక్ అబ్జార్బర్ పూర్తిగా మూసుకుపోకముందే బంప్ స్టాపర్ ఆపాలి. షాక్ రాడ్ బయటికి కనిపిస్తుంటే దానికో జిప్ టై బిగించి దారిలో ఓ రౌండ్ తిప్పండి. అది ఎంత దూరం జరిగిందో అదే మీ లెక్క. మరీ పొడుగుది పెడితే చిన్న గుంతకే తగిలి బండి కుదుపుతుంది.

ఇంకో మాట. స్టాపర్ మార్చినంత మాత్రాన బండి మోయగల బరువు పెరగదు. ఇంకో నలుగురిని ఎక్కించడానికి అది లైసెన్సు కాదు.

మనకి ఆ జీపు ఒక్క సూర్యోదయం. కొండ మీది ఊళ్లకి అదే సంత బండి, అవసరమైతే ఆస్పత్రి బండి. అందుకే ఈసారి వెళ్తే డ్రైవర్ అన్న "పదిమంది చాలు, ఇంకో జీపు చూసుకోండి" అంటే బేరమాడకండి. ఆయన కాపాడేది బండినే కాదు, మన నడుంని కూడా.