ఓడెక్కిన తాతమ్మ

వంశం గురించి ఆరా తీసేవాళ్ళకు లోలోపల ఒక ఆశ ఉంటుంది, పైతరాల్లో ఒక మంత్రో కవో తగలకపోతాడా అని. తప్పేమీ లేదు. మన కావ్యాలు పెంచిన ఆశే అది. తిక్కన తన తాత మంత్రి భాస్కరుణ్ణి తలుచుకున్నాడు. శ్రీనాథుడు తాత కమలనాభామాత్యుణ్ణి చెప్పుకున్నాడు. తాళ్ళపాక చిన్నన్న అయితే తాత అన్నమాచార్యుల చరిత్రను ఏకంగా ద్విపదలో రాశాడు. ఆ మనవడు పూనుకోకపోతే అన్నమయ్య జీవితం గురించి మనకు దక్కేది చాలా తక్కువ.

కావ్యం రాసే మనవడు లేని ఇళ్ళ సంగతేమిటి? తద్దినంలో చెప్పే పేర్లు తండ్రి, తాత, ముత్తాతతో ఆగిపోతాయి. భూములున్నవాళ్ళకు ఇనాం రిజిస్టర్లు, పట్టాలు, పాత దావా కాగితాలు ఇంకొంచెం దారి చూపిస్తాయి. సెంటు భూమి లేనివాళ్ళకు అవీ ఉండవు. అయినా నన్ను అన్నిటికంటే కదిలించిన వంశపత్రం ఆ భూమిలేని వాళ్ళదే, దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు కూలీల్ని తీసుకెళ్ళిన ఓడల జాబితా.

1860 అక్టోబరులో మద్రాసు రేవు నుంచి బయల్దేరిన ట్రూరో ఓడ నవంబరు 16న 342 మందితో డర్బన్ చేరింది. చెరకు తోటల్లో ఏళ్ళ తరబడి కూలి ఒప్పందం. 1911 వరకూ ఆ దారిన 1,52,000 మందికి పైగా వెళ్ళారు. గంజాం, విశాఖపట్నం, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్ళు వాళ్ళలో వేలల్లో ఉన్నారు. జాబితాలో మనిషికొక నంబరు. దాని పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటిమీది పుట్టుమచ్చలు, గాయాల గుర్తులు. కూలీని అజమాయిషీలో ఉంచుకోవడానికి దొరలు రాయించుకున్న వివరాలవి. ఫొటో లేని పూర్వీకుడి రూపం అతని మునిమనవలకు ఇవాళ ఆ నాలుగు మాటల్లోనే దొరుకుతోంది. ఇంటిపేర్లు మాత్రం చాలావరకు రాలిపోయాయి. ఎవరి ముత్తాతో ఒక అప్పలసామి. సింహాద్రి అప్పన్నను కొలిచే గడ్డ మీది ఆ పేరే ఇప్పుడు నాటాల్‌లో ఇంటిపేరయింది.

ఆ జాబితాలో ఆడవాళ్ళకూ ఎవరి నంబరు వాళ్ళకుంది, తండ్రి పేరుంది, పుట్టిన ఊరుంది. ఏడు తరాల వంశవృక్షం గోడకు తగిలించుకున్న ఇళ్ళలో చూడండి, కోడలిగా వచ్చిన మనిషి పేరు ఒక్క కొమ్మ మీదా కనపడదు. పేరుప్రతిష్ఠలున్న పూర్వీకుల్ని వెతికేటప్పుడు మనం సగం మందిని ముందే వదిలేసి బయల్దేరుతున్నాం.

డర్బన్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ తన తాతమ్మ వరసను జిరాక్సు తీయించి తెచ్చారు. వయసు ఇరవై రెండు. కుడి చెంప మీద మచ్చ. ఆ పై వరసలో భర్త లేడు, కింది వరసలో రెండేళ్ళ కూతురు. బిడ్డ నంబరు తల్లి నంబరు తర్వాతిది. “మా తాతమ్మ ఎవరితో వచ్చిందండీ?” అని అడిగారావిడ, అక్కడి యాసలో నెమ్మదిగా కూడబలుక్కుంటూ. బిడ్డతో తప్ప ఎవరితోనూ రాలేదు. కరువుకో, వైధవ్యానికో, కొట్టే మొగుడికో భయపడి గడప దాటిందో ఏమో గాని, భాష తెలియని దేశంలో ఆ పిల్లను బతికించింది. నా దృష్టిలో ఏ మంత్రికీ తీసిపోని పూర్వీకురాలు ఆమె.

ఆ తాతమ్మ ఊరు వెతకడానికి మేం పూనుకున్నాం. ఆ ఊరి పేరును గుమాస్తా తన చెవికి వినపడినట్టు ఇంగ్లీషులో రాసుకున్నాడు. అప్పటి విశాఖపట్నం జిల్లాలోంచి 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం విడిపోయాయి. ఆ స్పెల్లింగుకు సరిపోయే ఊళ్ళు ఇప్పుడు ఒకచోట లేవు. తాలూకాను పట్టుకుని కొన్నింటిని పక్కన పెట్టాం. మిగిలిన ఊళ్ళలో రంగం (రంగూన్) వలసపోయినవాళ్ళ కథలు ముసలివాళ్ళు ఇంకా చెబుతారు, నాటాల్ పేరు మాత్రం ఎవరి నోటా రాదు. అందుకే దేశం పేరు ఎత్తకుండా అడుగుతున్నాం: చంకలో పిల్లతో వెళ్ళిపోయి తిరిగి రాని ఆడమనిషి గురించి మీ ఇంట్లో ఎప్పుడైనా విన్నారా?