ఆట ఎక్కడ ఆగింది?

రైల్వే కుటుంబాలకు ‘లైన్ క్లియర్’ అన్న మాట కొత్తది కాదు. ముందున్న సెక్షను ఖాళీగా ఉన్నదని అవతలి స్టేషను మాస్టరు తెలిపితేనే ఇవతలి నుండి బండి కదులుతుంది. బండి ఆగినప్పుడు మొత్తం లైనును ఎవరూ నిందించరు. ఏ రెండు స్టేషన్ల మధ్య ఆగినదో ముందుగా తేల్చుకుంటారు. ఇంటర్నెట్ ద్వారా పిల్లలు ఆడుకునే ఆటలు మధ్యలో తెగిపోయినప్పుడు కూడా ఇదే పద్ధతి పనికివస్తుందని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఖరగ్‌పూర్ గోల్‌బజార్ పరిసరాలలో తెలుగు మాట వినిపించడం వింత కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల వారు రైల్వే వర్క్‌షాపు కొలువులకై అక్కడికి చేరి తరతరాలుగా స్థిరపడ్డారు. మా అక్కగారి కుటుంబం అటువంటిదే. ఆమె మనుమడికి పద్నాలుగేళ్లు. వాడికి వీధిలో హిందీ, స్నేహితులతో బెంగాలీ, పాఠశాలలో ఇంగ్లీషు. తెలుగులో మాట్లాడేది నాయనమ్మతోనూ, రాత్రిపూట ఆటలో కలిసే విశాఖపట్నం, శ్రీకాకుళం పిన్ని పిల్లలతోనూ మాత్రమే. “ఒరే, గోడ వెనక ఉన్నాడు చూడు” అని వాడు కేక వేస్తుంటే అక్క పక్క గదిలో మురిసిపోతుంది.

గత దసరాకు నేను వెళ్లేసరికి ఆ ఆట నిలిచిపోయి ఉన్నది. బొమ్మ బిగుసుకుపోవడం, మాట తునకలై వినిపించడం, చివరకు ఆట నుండి బయటకు నెట్టివేయబడడం నిత్యకృత్యమైంది. తండ్రి ఇంకా ఎక్కువ వేగం గల ప్లాను తీసుకుందామన్నాడు. ఇదే అదనుగా ఆట మాన్పించి చదువు మీద కూర్చోబెడదామని తల్లి ఆలోచన. అక్క మాత్రం నన్ను పక్కకు పిలిచి, “ఆట పోతే పోనీ గానీ తమ్ముడూ, ఇక వీడు తెలుగు ఎవరితో మాట్లాడతాడురా?” అన్నది. ఆ ప్రశ్న నన్ను రెండు రోజులు ఆ ఇంటి రౌటరు ముందు కూర్చోబెట్టింది.

“తాతయ్యా, సినిమా బాగానే వస్తోంది కదా, ఆటకేమయింది?” అని వాడు అడిగాడు. మంచి ప్రశ్న. సినిమా కొంత భాగం ముందుగానే ఫోనులో నిలువ అవుతుంది గనుక నడుమ చిన్న ఆటంకం వచ్చినా మనకు తెలియదు. ఆటకు ఆ సౌకర్యం లేదు. ఆటగాడి ప్రతి కదలికా చిన్న పొట్లమై సర్వరుకు వెళ్లి, అక్కడి నుండి జవాబు రావాలి. దారిలో పోయిన పొట్లాన్ని ఇటువంటి ఆటలు సాధారణంగా తిరిగి అడగవు. పెళ్లి అయ్యాక అందిన శుభలేఖ వలె, ఆలస్యంగా వచ్చిన సమాచారం ఆటలో నిరుపయోగం.

కాబట్టి ఇక్కడ ముఖ్యమైనది వేగం కాదు, జాప్యం. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఖరగ్‌పూర్ నుండి ముంబయి రైలు మార్గాన సుమారు 1,850 కిలోమీటర్లు. పోయి రావడానికి 19 మిల్లీసెకన్లు చాలు. దారిలోని యంత్రాలు, చుట్టు మార్గాలు కలుపుకొని 40, 50 అయినా ఆటకు ఇబ్బంది ఉండదు. పెద్ద ప్లాను రోడ్డును వెడల్పు చేస్తుందే గాని ముంబయిని దగ్గరకు జరపదు.

మొదటి సెక్షను ఫోను నుండి రౌటరు వరకు. 1983లో అమెరికా శాస్త్రజ్ఞుడు మైక్ మూస్ రూపొందించిన ‘పింగ్’ అనే చిన్న ప్రోగ్రాము నేటికీ ఇందుకు సాధనం. ఒక పొట్లాన్ని పంపి, జవాబు ఎంతసేపటికి వచ్చినదో చెబుతుంది. ఇంట్లోని రౌటరుకే పింగ్ చేస్తే ఒకసారి 4, మరుక్షణం 180, ఆపైన జవాబే లేదు. పది అడుగుల దూరానికే ఈ గతి పడితే ముంబయి దాకా వెతకనవసరం లేదు. రౌటరు ముందు గదిలో ఇనుప బీరువా వెనుక ఉన్నది. పిల్లవాడు రెండు మందపాటి గోడల అవతల కూర్చుంటున్నాడు. పైగా ఇరుగుపొరుగు రౌటర్లన్నీ ఒకే ఛానెలులో ఉన్నవి. 2.4 గిగాహెర్ట్‌జ్‌లో ఒకదానితో ఒకటి పెనుగులాడనివి 1, 6, 11 ఛానెళ్లు. రౌటరును నడవాలోకి, బీరువాకు దూరంగా మార్చి ఖాళీగా ఉన్న ఛానెలు ఎంచాము. గోడలు అడ్డు లేనిచోట 5 గిగాహెర్ట్‌జ్ మేలు. కంప్యూటరులో ఆడేవారికి తీగ కలపడం అన్నిటికంటే ఉత్తమం.

రెండవ సెక్షను ఇంటి నుండి బయటకు. రాత్రి తొమ్మిదికి మళ్లీ జాప్యం పెరిగింది. విచారిస్తే, ఆ వేళకు తండ్రి ఫోను ఆనాటి ఫోటోలు, వీడియోలు అన్నిటినీ భద్రపరచడానికి పైకి పంపుతున్నది. పంపే దారి నిండిపోతే ఆట పొట్లాలు వరుసలో నిలబడవలసిందే. ఆ పనిని అర్ధరాత్రికి మార్చగానే దారి తేలికపడింది.

మూడవది, వీడు ఆట గది తెరిస్తే విశాఖ పిల్లలు లోపలికి రాలేకపోవడం. రౌటరుకు బయటి వైపున వచ్చిన చిరునామా 100.64 నుండి 100.127 లోపు అంకెలతో మొదలైతే, సర్వీసు వారు ఒకే బహిరంగ చిరునామాను అనేక ఇళ్లకు పంచుతున్నారన్నమాట. ఒకే వీధి గుమ్మం నుండి పది వాటాలున్న ఇల్లు వంటిదది. లోపలివారు బయటకు పోగలరు గాని, బయటివారికి ఏ వాటాకు పోవాలో తెలియదు. దీనికి ఇంట్లో చేయగల మరమ్మతు లేదు. మరొకరి ఇంటి నుండి గది తెరవాలి. విశాఖ పిన్ని కొడుకు తెరిచాడు, అందరూ చేరారు.

ఈ మూడూ సరిచూశాక కూడా దోషం మిగిలితే, అప్పుడు సర్వీసు వారికి ఫిర్యాదు చేయవచ్చును. “నెట్ పనిచేయడం లేదు” అనకుండా తేదీ, సమయం, కొలతలు రాసి ఇస్తే పని త్వరగా అవుతుంది. మనుమడు అందుకొక నోటుపుస్తకం పెట్టాడు. గళ్ల పైన శీర్షికలు తెలుగులో రాస్తానని, నాయనమ్మ చేత అక్షరాలు దిద్దించుకున్నాడు.

మన ఇళ్లలో పిల్లవాడు నెట్టును, తల్లి ఆటను, తండ్రి ప్లానును తప్పుపడుతూ ఉంటారు. కొలిచి చూస్తే దోషం తరచుగా పది అడుగుల లోపలే దొరుకుతుంది. ఆటకు సమయపాలన తప్పక ఉండాలి. అయితే మాన్పించే ముందు, ఆ తీగ మీద ఆటతో పాటు ఇంకేమి ప్రయాణిస్తున్నదో పెద్దలు ఒకసారి చెవియొగ్గి వినడం మంచిది.