నవమి జనం, మంగళవారం జనం

ఈసారి గుడి గురించి కాకుండా వాలీబాల్ గురించి రాస్తున్నాను. మధ్యలో గుడి వస్తుంది. నాకు బాగా తెలిసిన పని అదొక్కటే కదా.

మా మనవరాలికి పదిహేడేళ్ళు. వెస్ట్ ఆక్లాండ్‌లో హైస్కూలు చివరి సంవత్సరం చదువుతోంది. స్కూలు జట్టులో లిబెరో. లిబెరో అంటే అందరికంటే వేరే రంగు చొక్కా వేసుకుని, వెనక వరసలో ఉండి, నేలకు తగలబోయే బంతిని పైకి లేపే అమ్మాయి. స్మాష్ కొట్టే వీలు ఆమెకు లేదు. చప్పట్లు కొట్టేవాళ్ళకి, మోకాళ్ళ నొప్పులు లిబెరోకి.

పోయిన నెల తను ఫోన్‌లో అమెరికా ఆడవాళ్ళ వాలీబాల్ లీగ్ చూస్తూ, "అమ్మమ్మా, ఇలాంటిది మన దగ్గర పెడితే జనం వస్తారా?" అని అడిగింది. దీని గురించి చాలా రోజులు ఆలోచించాను. జనం వస్తారా అనే ప్రశ్న నాకు కొత్త కాదు. గుడి వంటింట్లో బియ్యం ఎంత నానబెట్టాలో చెప్పేది నేనే. అంటే ఆ రోజు ఎంతమంది వస్తారో పొద్దున్నే ఊహించాలి. పన్నెండేళ్ళుగా ఇదే పని.

మా గుడికి రెండు రకాల జనం వస్తారు. శ్రీరామనవమి కళ్యాణానికి వచ్చేవాళ్ళు ఒక రకం. ఆ రోజు చెప్పులు పెట్టుకోవడానికి కూడా చోటుండదు. మంగళవారం సాయంత్రం హారతికి వచ్చేవాళ్ళు రెండో రకం. పది మంది, వానైతే ఏడుగురు. ఫోటోల్లో కనిపించేది నవమి జనం. గుడి కరెంటు బిల్లు కట్టేది, నేల తుడిచేది, కొత్తవాళ్ళని పలకరించేది మంగళవారం జనం. ఆటల లీగ్ కూడా ఇలాగే నడుస్తుందని నా అభిప్రాయం.

మాకు దగ్గరలోనే ఉన్న ఈడెన్ పార్క్ చూడండి. 2022 నవంబర్ 12న అక్కడ ఆడవాళ్ళ రగ్బీ ప్రపంచ కప్ ఫైనల్ జరిగింది. న్యూజిలాండ్ 34–31తో ఇంగ్లండ్‌ని ఓడించింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు 42,579 మంది. మరుసటి ఏడాది జూలై 20న అదే మైదానంలో ఆడవాళ్ళ ఫుట్‌బాల్ ప్రపంచ కప్ మొదలైంది. న్యూజిలాండ్ 1–0తో నార్వేని గెలిచింది. ఆ రోజు 42,137 మంది వచ్చారు. చాలా సంతోషం. కానీ ఇదంతా నవమి జనం. దేశం జెండా పట్టుకుని ఒకరోజు వచ్చారు. లీగ్‌కి కావలసింది వేరు. చలికాలంలో, మామూలు వారంలో, టీవీలో ఇంకేదో మంచి కార్యక్రమం వస్తున్నప్పుడు కూడా ఇంట్లోంచి బయటికి వచ్చే మనిషి కావాలి.

మనవరాలికి నేను నా కథ కూడా చెప్పాను. 1970లలో నేను సికింద్రాబాద్‌లో ఇంగ్లీషు మీడియం కాన్వెంటులో చదువుకున్నాను. (అందుకే ఈ వయసులో తెలుగు రాయడం నేర్చుకుంటున్నాను.) మేం ఉండేది రైల్వే క్వార్టర్స్‌లో. రైల్వే వాళ్ళకి ఆటలంటే ప్రాణం. సాయంత్రం మగవాళ్ళు వాలీబాల్ ఆడితే కోర్టు చుట్టూ మూడు వరసల జనం. మా ఆడపిల్లల మ్యాచ్‌కి మా అక్కచెల్లెళ్ళు, స్కూలు ఆయా, ఒక ఐస్‌ఫ్రూట్ బండి. పైగా అప్పట్లో సర్వీస్ చేసే జట్టుకి మాత్రమే పాయింట్. 15 పాయింట్ల సెట్. పది నిమిషాలు ఎగిరెగిరి ఆడినా స్కోరు కదిలేది కాదు. మ్యాచ్ ఎప్పుడు అయిపోతుందో ఎవరూ చెప్పలేరు. 1990ల చివర్లో ప్రపంచ సమాఖ్య ఆ పద్ధతి మార్చింది. ఇప్పుడు ప్రతి ర్యాలీకి ఎవరికో ఒకరికి పాయింట్ వస్తుంది. సెట్ 25, ఐదో సెట్ అయితే 15. కొత్తగా చూసేవాళ్ళకి ఇది ఎంత మేలో ఆలోచించండి.

పి.వి. సింధు మనందరికీ తెలుసు. ఆమె నాన్న రమణ గారు 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కంచు పతకం గెలిచిన వాలీబాల్ జట్టులో ఆడారు. ఈ సంగతి కొంతమందికి తెలుసు. ఆమె అమ్మ విజయ గారు కూడా జాతీయ స్థాయి వాలీబాల్ క్రీడాకారిణి. ఇది ఇంకా తక్కువమందికి తెలుసు. మన దేశంలో ప్రైమ్ వాలీబాల్ లీగ్ 2022లో మొదలైంది. మొదటి ఏడాది మ్యాచ్‌లన్నీ హైదరాబాద్ గచ్చిబౌలిలోనే జరిగాయి. హైదరాబాద్‌కి బ్లాక్ హాక్స్ అనే జట్టు కూడా ఉంది. కానీ అది మగవాళ్ళ లీగ్. విదేశాల్లో తెలుగు సంఘాల ఆటల పోటీలు కూడా చూడండి. చాలాచోట్ల మగవాళ్ళకి వాలీబాల్, ఆడవాళ్ళకి త్రోబాల్ పెడతారు. త్రోబాల్ మంచి ఆటే. కానీ నేను ఆడిన ఆట ఎటు పోయింది?

ఇక అమెరికా సంగతి. అక్కడ నెబ్రాస్కా అనే రాష్ట్రం ఉంది. మొక్కజొన్న పండే ఊళ్ళు, జనాభా సుమారు ఇరవై లక్షలు. 2023 ఆగస్టు 30న లింకన్‌లో ఫుట్‌బాల్ మైదానం మధ్యలో నెట్ కట్టి అమ్మాయిల కాలేజీ వాలీబాల్ ఆడించారు. 92,003 మంది వచ్చారు. అది కూడా నవమి జనమే. కానీ దాని వెనక ఎన్నో ఏళ్ళ మంగళవారాలు ఉన్నాయి. ఆ కాలేజీ మ్యాచ్‌లకి 2001 నుంచి టికెట్లన్నీ అమ్ముడుపోతూనే ఉన్నాయి. మొదట్లో ఆడింది నాలుగు వేల మంది పట్టే పాత హాల్లో. 2013లో గానీ పెద్ద హాలుకి మారలేదు. చిన్న హాలు నిండితే చోటు దొరకనివాళ్ళకి ఆశ పుడుతుంది. పెద్ద హాలు సగం ఖాళీగా ఉంటే వచ్చినవాళ్ళకి కూడా దిగులు పుడుతుంది. మా గుడిలో మామూలు రోజుల్లో హాలు మధ్య తెర వేసేది ఇందుకే.

2024 జనవరి 24న అదే రాష్ట్రంలోని ఒమాహాలో కొత్త ప్రొఫెషనల్ లీగ్ మొదటి మ్యాచ్ పెట్టారు. 11,624 మంది వచ్చారు. ఎక్కడ మొదలుపెట్టారో గమనించండి. చూసే అలవాటు ముందే ఉన్న ఊళ్ళో. 2025 జనవరిలో ఇంకో లీగ్ ఆరు జట్లతో మొదలైంది. పేరు లీగ్ వన్ వాలీబాల్. వాళ్ళ దారి వేరు. ముందు చిన్న పిల్లలు ఆడే క్లబ్బులని కలుపుకున్నారు, ఆ తరవాతే పెద్ద జట్లు పెట్టారు. అంటే క్లబ్బులో ఆడే పాప, ఆ పాపని కారులో తీసుకొచ్చే అమ్మ, వీళ్ళే మొదటి ప్రేక్షకులు.

జపాన్ కథ నాకు ఇంకా ఇష్టం. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో వాలీబాల్ మొదటిసారి పెట్టారు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి అదే మొదటి జట్టు ఆట. జపాన్ జట్టులో ఎక్కువమంది ఒక బట్టల మిల్లు కంపెనీలో పనిచేసే అమ్మాయిలు. అక్టోబర్ 23న చివరి మ్యాచ్‌లో సోవియట్ జట్టుని ఓడించారు. ఆ మ్యాచ్ టీవీ రేటింగ్ టోక్యో ప్రాంతంలో 66.8 శాతం. తరవాత జరిగింది ఇంకా ముఖ్యం. దేశమంతా ఇల్లాళ్ళు వాలీబాల్ ఆడటం మొదలుపెట్టారు. "మమా-సాన్ వాలీబాల్" అంటారట. టీవీలో చూసినవాళ్ళు కోర్టుకి వచ్చారు. ఆడి అలసిపోయినవాళ్ళు మళ్ళీ చూడ్డానికి కూర్చున్నారు. ఆడేవాళ్ళు, చూసేవాళ్ళు అని రెండు గుంపులు లేవు. ఒకే గుంపు.

న్యూజిలాండ్‌లో ఆడవాళ్ళ ప్రొఫెషనల్ వాలీబాల్ లీగ్ లేదు. మాకు దగ్గరగా ఉన్నది తౌయిహి, ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్ లీగ్. 2022లో ఐదు జట్లతో మొదలైంది. జీతాలు మగవాళ్ళ లీగ్‌తో సమానం అని చెప్పి మొదలుపెట్టారు. ఆక్లాండ్ జట్టు పేరు నార్తర్న్ కాహు. కాహు అంటే మావోరీ భాషలో డేగ లాంటి పక్షి. సరే, ప్రయోగం చేద్దామని గుడి వంటింటి ఆడవాళ్ళని ఒక మ్యాచ్‌కి రమ్మని పిలిచాను.

టికెట్టు ఎంత అని ఒక్కరే అడిగారు. మిగతావాళ్ళ ప్రశ్నలు ఇవి. "మనవాళ్ళు ఎవరు ఆడుతున్నారు?" "ఎన్నింటికి అయిపోతుంది?" "మనం అక్కడికెళ్ళి ఏం చెయ్యాలి?" విజయవాడ వదిన మాత్రం వెంటనే ఒప్పుకుంది. "పాపం, ఆడపిల్లలు ఆడుతున్నారు కదా, వెళ్దాం పద" అంది.

పదకొండు మందిమి మూడు కార్లలో నార్త్ షోర్ వెళ్ళాం. మనవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి నేనే పంచేశాను. "వదినా, మీరు ఏడో నంబరు అమ్మాయిని చూడండి. పిన్నిగారూ, పన్నెండు మీది." ఒక్కొక్కరికి ఒక్కొక్క పిల్ల. మొదటి పావుగంట చీరల గురించి, మోకాళ్ళ గురించి మాట్లాడుకున్నారు. తరవాత వదిన లేచి నిలబడింది. "ఆ పొడుగుదాన్ని చూడు, నా పిల్లని తోస్తోంది!" అని అరిచింది. ఆ తరవాత ఆమె నోటివెంట పాపం అనే మాట రాలేదు.

అక్కడ నాకు ఒక విషయం అర్థమైంది. పాపం అని వచ్చినవాళ్ళు ఒక్కసారే వస్తారు. జాలితో కొన్న టికెట్టు చందా లాంటిది, ఇచ్చేస్తే బాధ్యత తీరిపోతుంది. నా పిల్ల అనుకున్నవాళ్ళు మాత్రం వచ్చే వారం ఏమవుతుందో తెలుసుకోవాలని మళ్ళీ వస్తారు. రెండోసారి పిలిస్తే పదకొండు మందిలో నలుగురు వచ్చారు. మా అమ్మాయి "నలుగురేనా?" అంది. నాకు మాత్రం నలుగురు చాలా ఎక్కువ అనిపించింది. వాళ్ళు మంగళవారం మనుషులు.

ఆ నలుగురిలో ఇద్దరు ఫిజీ అక్కలు. వాళ్ళ తాతలు మద్రాసు నుంచి గిర్మిట్ కూలీలుగా ఓడల్లో వెళ్ళినవాళ్ళు. ఫిజీలో దక్షిణాది వాళ్ళు 1926లో సంగం పెట్టుకున్నారు. ఏటా ఈస్టర్ సెలవుల్లో సంగం కన్వెన్షన్ జరుగుతుంది. మగవాళ్ళకి ఫుట్‌బాల్, ఆడవాళ్ళకి నెట్‌బాల్. ఒక అక్క నాతో అంది: "మేం ఆట చూడ్డానికని వెళ్ళేవాళ్ళం కాదు. చుట్టాల్ని చూడ్డానికి వెళ్ళేవాళ్ళం. ఆట మధ్యలో ఉండేది." ఆడవాళ్ళ ఆటకి జనం ఎలా వస్తారని పెద్ద పెద్ద కంపెనీలు అడుగుతుంటాయి. ఈ అక్క ఒక్క ముక్కలో చెప్పేసింది.

వాలీబాల్ లీగ్ పెట్టేవాళ్ళు ఎవరైనా నన్ను అడిగితే, గుడి లెక్కలోనే చెప్తాను. మ్యాచ్‌కి ఒక రోజు, ఒక వేళ పెట్టుకుని మార్చకండి. మంగళవారం హారతి ఒక వారం బుధవారం అయితే పదిమంది ముగ్గురవుతారు. చిన్న హాలు తీసుకోండి. సుమారుగా ఎన్నింటికి అయిపోతుందో కాగితం మీద రాయండి, ఇంట్లో వంట చేయాల్సినవాళ్ళకి అది కావాలి. ఉచిత టికెట్లు ఊరికే పంచకండి, పని పంచండి. ఉచితం అంటే పేరు రాసి రానివాళ్ళు చాలామంది. పూలు కట్టే పని అప్పజెప్పినవాళ్ళు మాత్రం జ్వరం వచ్చినా వస్తారు. లిబెరో చొక్కా రంగు ఎందుకు వేరో మొదటి రోజే చెప్పండి. ఇంకొక ముఖ్యమైన మాట. ఒకప్పుడు ఆడి మానేసిన ఆడవాళ్ళని వెతికి పిలవండి.

ఇది ఎందుకు ముఖ్యమో చెప్తాను. నేను పంతొమ్మిదేళ్ళకి ఆట మానేశాను. పెళ్ళి, ఉద్యోగం, పిల్లలు, ఈ దేశం. మనవరాలు నెట్ ముందు నిలబడే వరకు, నలభై ఏళ్ళకి పైగా నన్ను ఎవరూ ఏ కోర్టుకీ పిలవలేదు. బంతి చేతికి తగిలిన చప్పుడు వింటే పాస్ బాగుందో లేదో ఇప్పటికీ చెప్పగలను. అంత తెలిసిన మనిషి ఇంట్లో కూర్చుని ఉంది. నాలాంటివాళ్ళు ఎంతమందో!

ఇప్పుడు మనవరాలి జట్టులో పన్నెండు మంది ఉన్నారు. సంవత్సరం చివర్లో స్కూలు అయిపోతుంది. ఒకరిద్దరు స్కాలర్‌షిప్ మీద అమెరికా కాలేజీకి ప్రయత్నిస్తున్నారు. ముగ్గురు క్లబ్బులో ఆడతారట. మిగతావాళ్ళు మోకాలి పట్టీలు అల్మరాలో పెట్టేస్తారు. లీగ్ వస్తే ఆడబోయేది ఒకరో ఇద్దరో. కానీ దాన్ని బతికించాల్సింది ఆ మిగతా ఏడుగురు. వాళ్ళని ఇప్పుడు వదిలేస్తే, పదేళ్ళ తరవాత లక్షల డాలర్ల ప్రకటనలతో మళ్ళీ వెతుక్కోవాలి. ఇప్పుడైతే ఒక ఫోన్ మెసేజ్ చాలు.

అందుకని వచ్చే టర్మ్‌లో ప్రతి బుధవారం స్కూలు మ్యాచ్‌కి వెళ్ళాలని మేం నలుగురం అనుకున్నాం. టికెట్టు లేదు, కుర్చీలు కూడా లేవు, బల్లల మీద కూర్చోవాలి. ఎవరికి ఏ నంబరో వదిన ముందే పంచేసింది. పులిహోర నాది.

ఈసారి నేర్చుకున్న మాటలు:

ప్రేక్షకురాలు – చూసే ఆవిడ. ప్రేక్షకుడు తెలుసు, ఈ మాట ఇప్పుడే తెలిసింది.

నిర్వాహకులు – కార్యక్రమం నడిపించేవాళ్ళు.

ఆదరణ – ఇష్టంగా, గౌరవంగా దగ్గరికి తీసుకోవడం. ఆటకి ఆదరణ ఉంది అంటే జనం ఉన్నారని మాత్రమే అనుకునేదాన్ని. ఇంటికి వచ్చినవాళ్ళని ఆదరించడం కూడా ఇదే మాట.

మీ ఊళ్ళో ఆడపిల్లల మ్యాచ్ ఎక్కడ, ఏ రోజు జరుగుతుందో తెలిస్తే తెలుగులో రెండు వాక్యాలు రాయండి. తప్పులున్నా పరవాలేదు.