చందా పెరిగింది

మా నాన్నగారి రోజులలో చందా కట్టడం ఒక పనిగా ఉండేది. ఏటేటా డిసెంబరులో ఆయన తపాలాఫీసుకు వెళ్లి, తెలుగు పత్రికకు మనియార్డరు చేసి, రసీదు తెచ్చి పంచాంగంలో పెట్టేవారు. చందా పెంచామని పత్రికలో ప్రకటన పడితే ఆ పూట భోజనాల దగ్గర, "ఏమంటావు? ఉంచుదామా, మానుదామా?" అని అమ్మను అడిగేవారు.

ఇప్పుడు ఈ చెన్నపట్నంలో మా యింటి చందాలు అయిదు. సినిమాలకు రెండు, పాటలకు ఒకటి, ఫొటోలు దాచుకొనడానికి ఒకటి, ఇంటర్నెట్టుకు ఒకటి. మనియార్డరు లేదు, అడిగేవారూ లేరు. సొమ్ము బ్యాంకులోంచి తనంత తానే పోతుంది.

మొన్న బ్యాంకు పద్దు చూస్తే సినిమాల చందా ఒకటి నిరుటికంటె బాగా పెరిగి ఉన్నది. మా అబ్బాయి, "తీసేద్దాం నాన్నా, కావలిస్తే మళ్లీ చేరవచ్చు" అన్నాడు. మా ఆవిడ, "పాలు పెరగలేదా, కాఫీపొడి పెరగలేదా?" అన్నది. నేను కంపెనీని నాలుగు తిట్లు తిట్టి ఊరుకున్నాను. చాలా ఇళ్లలో జరిగేది ఇదే కాబోలు.

తీరా చూస్తే తప్పు నాదీ ఉన్నది. కార్డు మీద ఇలా పోయే చందాలకు కనీసం 24 గంటల ముందు కబురు చేయాలనీ, వద్దనుకుంటే ఆపుకొనే వీలివ్వాలనీ రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన 2021 అక్టోబరు 1 నుంచి అమలులో ఉన్నది. ఆ కబురు నాకు వచ్చింది. నేను చదవలేదు.

వద్దనేవారు ఉంటే ధర దిగడమూ కద్దు. 2021 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ మన దేశంలో తన 499 రూపాయల నెల చందాను 199కి దించింది. చేరేవారు చాలకపోతే ఏ వర్తకుడైనా దిగవలసినదే గదా!

ఈ గొడవంతా విని అమ్మ, "నాకోసమైతే ఉంచకండిరా" అన్నది. పెరిగినది ఆవిడ పాత తెలుగు సినిమాలు చూసేదే. మధ్యాహ్నం ఆవిడ పక్కన మా మనుమడు చేరతాడు. బడిలో వాడికి తమిళమూ ఇంగ్లీషూ తప్ప తెలుగు లేదు. "గాదె అంటే ఏమిటి, పెద్దవ్వా?" అని అడుగుతాడు. ఆవిడ సినిమా ఆపించి, తన పుట్టింటి గాదె ఎంత ఎత్తు ఉండేదో, అందులోకి పిల్లలను దింపి వడ్లు ఎలా తీయించేవారో చెబుతుంది. సినిమా పూర్తికావడానికి మూడు రోజులు పడుతుంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర అయిదు చందాలూ కాగితం మీద వేశాను. రెండవ సినిమాల చందాను నాలుగు నెలలుగా ఎవరూ తెరవలేదు. పాటలవి ఉచితంగా దొరికేవే వింటున్నాము. ఆ రెండూ మానేశాము. అమ్మది ఉంచాము. మిగిలిన మూడింటి గడువు తేదీలూ పంచాంగంలో రాసిపెట్టాను.

ఇకమీదట ఆ తేదీలకు ముందు అమ్మను అడిగే తీరుతాను: ఉంచుదామా, మానుదామా?