కూతురి పేరు

క్లియోపాత్రా అనగానే మనకు ఈజిప్టు రాణి గుర్తొస్తుంది. పేరు మాత్రం అచ్చమైన గ్రీకు. 'క్లేయోస్' అంటే కీర్తి, 'పాతేర్' అంటే తండ్రి. తండ్రికి కీర్తి తెచ్చేది అని అర్థం. ఆ రాణికి ఎన్నో తరాల ముందే అలెగ్జాండర్ చెల్లెలికీ ఇదే పేరుంది. ప్రాచీన గ్రీకు ఆడపిల్లల పేర్లు చదువుతుంటే నాకు పదే పదే ఎదురయ్యేది తండ్రే.

క్రీ.పూ. 480లో సలామిస్ దగ్గర పారశీకులను ఓడించిన థెమిస్టోక్లీస్ తన కూతుళ్లలో ఒకామెకు నికోమాఖే, అంటే పోరులో గెలుపు అని పేరు పెట్టాడు. ఇంకొకామె మ్నెసిప్టోలెమా, యుద్ధాన్ని తలచుకునేది. అందరికన్నా చిన్నదాని పేరు ఆసియా. ఆయన ప్రవాసంలో కన్ను మూసింది ఆసియా మైనర్‌లోనే. కత్తి పట్టే వీలే లేని పిల్లలు జీవితాంతం యుద్ధాల పేర్లు మోశారు. మెలిస్సా (తేనెటీగ), మిర్రినే (సుగంధపు పొద) లాంటి పేర్లు తగిలినప్పుడు ప్రాణం తేలికపడుతుంది.

మన బారసాలలాగే అక్కడా పదో రోజున అయినవాళ్లను పిలిచి, విందుచేసి బిడ్డకు పేరు పెట్టేవారు. అంత ముచ్చటగా పెట్టిన పేరును ఏథెన్సు మళ్లీ నలుగురిలో పలకనిచ్చేది కాదు. మగవాళ్ల నోట మంచికైనా చెడుకైనా నలగకపోవడమే స్త్రీకి గొప్ప అన్నది ఏథెన్సు నాయకుడు పెరిక్లీస్ మాట. మహావక్త డెమోస్తనీస్ తన సంరక్షకుల మీద దావా వేసి, తల్లికి రావలసిన కట్నం గురించి కోర్టులో అంతసేపు వాదించాడు కానీ, ఆమె పేరు ఒక్కసారీ ఎత్తలేదు. ఆమె క్లేయోబూలే. కీర్తి, ఆలోచన రెండూ ఉన్న పేరు! ఆ మౌనాన్ని మర్యాద అనడానికి నాకు మనసొప్పదు.

చనిపోయాక మాత్రం రాయి మీద పేరు చెక్కేవారు. 1972లో ఏథెన్సుకు తూర్పున మెరెండాలో ఒక కన్య పాలరాతి విగ్రహం మట్టిలోంచి బయటపడింది. తలపై పూల కిరీటం, చేతిలో విచ్చుకోని తామరమొగ్గ. క్రీ.పూ. 6వ శతాబ్దపు పని. పీఠం మీది రాతలో ఆ పిల్లే మాట్లాడుతుంది: పెళ్లికి బదులు దేవతలు తనకు 'కన్య' అన్న పేరే ఇచ్చారని, ఎప్పటికీ అలాగే పిలుస్తారని. పెళ్లి కాకుండానే పోయిన ఆ అమ్మాయి పేరు ఫ్రాసిక్లేయా. అందులోనూ కీర్తి ఉంది.

విగ్రహం ఇప్పుడు ఏథెన్సు జాతీయ పురావస్తు మ్యూజియంలో ఉంది. అటు వెళితే ఆ పేరు పైకి చదవండి.