ఇసుకలో ఎంత ఉంది?

వార్షికోత్సవ సంచికకు సైన్సు మీద ఏదైనా రాయమని వార్డెన్ గారు అన్నప్పుడు మాకు ముందుగా గుర్తొచ్చింది బోరు. దర్శి చుట్టుపక్కల సాగర్ కాలువ నీళ్ళు అందని చేలకు బోరే దిక్కు. మాలో ఒకరి ఇంట్లో, అరచేతిలో కొబ్బరికాయ నిలబడిందని వేయించిన మొదటి బోరు ఎండిపోయింది. అప్పు తెచ్చి వేయించిన రెండోదాంట్లో నీళ్ళు పడ్డాయి. మిరప నాటిన రెండో నెలకే తగ్గిపోయాయి. నీళ్ళు పడడం వేరు, నిలవడం వేరు.

సముద్రం అడుగున గ్యాసు, చమురు వెదికేవారి కష్టం కూడా ఇదేనని చదివి ఆశ్చర్యపోయాం. కృష్ణా, గోదావరి నదులు మోసుకెళ్ళిన ఇసుక అంతా తీరంలోనే ఆగిపోదు. కొంత సముద్రపు వాలు మీద నుంచి బురద వరదలా జారి, లోతుల్లో పరుచుకుంటుంది. దానిమీద బంకమట్టి కప్పుకుంటుంది. లక్షల ఏళ్ళకు ఇసుకరాయి అవుతుంది. ఆ గింజల సందుల్లో గ్యాసు చేరుతుంది.

మేము స్టీలు గ్లాసు నిండా పొడి ఇసుక పోసి, పైన నీళ్ళు పోశాం. గ్లాసులో మూడో వంతుకు పైగా నీళ్ళు పట్టాయి! మరో గ్లాసులో ఇసుకకు బంకమన్ను కలిపాం. నీళ్ళు పైనే నిలబడి మెల్లగా ఇంకాయి. ఎంత సందు ఉందో ఒక లెక్క, ఒక సందు నుంచి మరో సందుకు దారి ఉందో లేదో ఇంకో లెక్క.

శాస్త్రజ్ఞులు శబ్ద తరంగాలు పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనులతో అడుగున పొరల పటం గీస్తారు. బావి తవ్వి రాతి ముక్క తీసి పరీక్షిస్తారు. గ్యాసు వదిలి పీడనం ఎలా పడిపోతుందో చూస్తారు. అయినా రెండు బావుల మధ్య ఏముందో అంచనాయే.

2002లో కాకినాడకు ఎదురుగా సముద్రంలో కేజీ-డీ6 గ్యాసు దొరికింది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు తీస్తామని ప్రణాళిక వేశారు. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. 2010లో 6 కోట్లు దాటాక తగ్గుతూ వచ్చింది. భూగర్భం అనుకున్నట్టు లేదని కంపెనీ, అనుకున్నన్ని బావులు వేయలేదని ప్రభుత్వం వాదించుకున్నాయి. మొదట ఉత్పత్తి ఇచ్చిన డీ1, డీ3 క్షేత్రాలు 2020 ఫిబ్రవరిలో మూతపడ్డాయి. అయితే అదే బ్లాకులో వేరే క్షేత్రాల నుంచి 2020 డిసెంబరులో మళ్ళీ గ్యాసు వచ్చింది. 2024 జనవరిలో ఓఎన్‌జీసీ కూడా ఈ బేసిన్‌ లోతు నీటి నుంచి తొలి చమురు తీసింది.

అన్ని యంత్రాలున్నవారి అంచనాయే తప్పినప్పుడు, బోరు ఎండిన నాన్నను తెలివితక్కువవాడని ఎలా అంటాం? కాకపోతే పెద్ద కంపెనీ నష్టాన్ని తట్టుకుని మరో బావి తవ్వుతుంది. మా ఇళ్ళలో అది వడ్డీ అవుతుంది, చదువు మానడం అవుతుంది. అందుకే మాలో ఇద్దరం భూగర్భశాస్త్రం చదవాలనుకున్నాం. బోరు వేసేముందు సర్వే చేయించమని ఊళ్ళో చెబుతాం. ఎంత ఉందో, ఎంత తెలియదో రెండూ చెప్పగలిగేవారు మా ఊళ్ళకు కావాలి.