కళావరు కథ

మా ఇంట్లో పేకముక్కలు కనపడకూడదు. పెళ్లయిన కొత్తలోనే నేను పెట్టిన రూలిది. కారణం మా నాన్న.

మా అమ్మమ్మ వాళ్లది దివిసీమ, అవనిగడ్డ దగ్గర పల్లె. 1977 నవంబరు 19 ఉప్పెనలో ఇల్లూ గొడ్డూ అన్నీ కొట్టుకుపోగా అమ్మమ్మకు మిగిలినవి చేతులకున్న బంగారు గాజులే. వాటినే అమ్మ పెళ్లికి పెట్టింది. అమ్మావాళ్ల కాపురం గుడివాడలో. నేను ఏడో క్లాసులో ఉండగా ఒక సంక్రాంతికి, భోగి రాత్రి మొదలైన పేకాట కనుమ తెల్లవారేసరికి ఆ గాజుల్ని మింగేసింది. అమ్మ అరవలేదు, ఏడవలేదు. మట్టిగాజులతోనే ఆ రోజు గారెలు వండింది.

రమ్మీ నైపుణ్యం ఉన్న ఆటేనని సుప్రీంకోర్టు చెప్పింది కదా అనేవారు నాన్న ఆ రోజుల్లో. చెప్పిన మాట నిజమే. కానీ నైపుణ్యంగా ఓడినా పోయిన గాజులు తిరిగి రావు కదండీ!

అమ్మ పోయాక నాన్న బందరులో మా దగ్గరే ఉంటున్నారు. పేక మానేసి ఇరవై ఏళ్లు దాటింది. మొన్న ఎండాకాలం కరెంటు పోయిన మధ్యాహ్నం, మా పాప స్నేహితురాలింటి నుంచి పేక తెచ్చింది. నేను వంటింట్లోంచి వచ్చేసరికి తాతయ్య ఒక్కో ముక్కా చూపిస్తున్నారు. "ఇది ఇస్పేటు, ఇది ఆఠీను, ఇది కళావరు, ఇది డైమను." నాకు ఒళ్లు మండిపోయింది. ముక్కలన్నీ లాక్కున్నాను. నాన్న తల దించుకున్నారు. పాప మాత్రం, "అమ్మా, కళావరు అంటే ఏంటి?" అంది.

నాకూ తెలీదు. రాత్రి కూర్చుని వెతికాను. ఇస్పేటు, డైమను ఇంగ్లీషుకి దగ్గరగానే ఉన్నాయి. కానీ ఇంగ్లీషులో క్లబ్స్ అనేదాన్ని మనం కళావరు అని ఎందుకంటాం? డచ్చి భాషలో దాని పేరు క్లావర్, అంటే మూడాకుల మొక్క. హృదయం గుర్తుని వాళ్లు హార్టెన్ అంటారు, అదే మన ఆఠీను! ఆ డచ్చివాళ్లు 1605-06 ప్రాంతంలో, గోల్కొండ నవాబుల కాలంలో, మన బందరులోనే దిగారు. మన అద్దకం బట్టలు ఓడలకెత్తి తీసుకెళ్లారు. వాళ్లని మనవాళ్లు వలందులు అనేవారు. మేం రోజూ కూరలకి వెళ్లే దారిలోని వలందపాలెం వాళ్ల పేరు మీదిదే!

అంతకుముందు మన దేశంలో ఆడినవి గుండ్రటి గంజీఫా ముక్కలు. బాబరు 1527లో వాటిని సింధుకి పంపినట్టు రాసుకున్నాడు. మన నిర్మల్ కళాకారులూ వాటిని చిత్రించారు. దశావతారాల పేక కూడా ఉంది. అవతారానికి పన్నెండు చొప్పున మొత్తం 120 ముక్కలు. దేవుళ్ల బొమ్మలతోనే ఆడుకున్నారన్నమాట.

ఆదివారం పాపని డచ్చివాళ్ల సమాధులు చూపించడానికి తీసుకెళ్తుంటే నాన్న కూడా వస్తానన్నారు. పాప రాళ్ల మీద చెక్కిన అక్షరాలు తడుముతూ దూరంగా వెళ్లింది. అప్పుడు నాన్న నెమ్మదిగా అన్నారు.

"ముక్కల తప్పేం లేదమ్మా. తప్పు నాది. ఈ మాట మీ అమ్మకి చెప్పలేకపోయాను."

ఇన్నేళ్లలో ఆ గాజుల ఊసు ఆయన నోట రావడం అదే మొదటిసారి. నేనేమీ అనలేకపోయాను. చెయ్యి పట్టుకుని గేటు దాకా నడిపించాను.

ఇప్పుడు మా ఇంట్లో ఒక పేక ఉంది. డబ్బు పెట్టకూడదు. ఫోనులో అసలు ఆడకూడదు. ఆట అవగానే పేక నా పోపులడబ్బా పక్కకి వచ్చేయాలి. నాన్న రోజూ ముక్కలు లెక్కపెట్టి మరీ నా చేతికిస్తారు. నిన్న నేనూ ఒక ఆట ఆడాను. చిత్తుగా ఓడిపోయాననుకోండి!